ముప్పై రెండు అక్షరాల సారు

పోయిన వారం ఆఫీసులో ఇంటర్నెట్ నుంచి ఒక ప్రోగ్రాం దింపుకుంటున్నాను. బటన్ కింద సన్నటి అక్షరాల్లో ఒక పొడవాటి వరుస కనబడింది. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగాపులగంగా ఉండే వరుస. నా నోరు దానంతటదే "రెండు అవుకు, తొమ్మిది డోన్, ఫారెస్టు నాలుగు" అని ఎత్తుకుంది. పక్క సీటాయన తల తిప్పి, "ఏందప్పా, బస్సు యాడికి పోతాంది?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆయనకు చెప్పాలంటే సార్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. సార్ దగ్గర మొదలుపెడితే ఆ పూటకు పని సున్నా. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

సార్‌ది నంద్యాల. ఒక మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తొంభైల్లో ఆ బడికి మొదటి కంప్యూటర్ వస్తే మిగతా టీచర్లు దానికి గుడ్డ కప్పి, గదికి తాళమేసి, భద్రంగా చూసుకున్నారు. ఈయన గుడ్డ తీసి కూర్చున్నారు. ఆయన జీవిత చరిత్ర నాకు తెలిసినంతవరకు ఇంతే. ఇంకేమైనా అడిగితే "నా సంగతి నీకేంటికప్పా, స్క్రీన్ చూడు" అనేవారు. పేరు కూడా రాయను. చర్చి పత్రికలో తన పేరు పడితే పెన్సిల్ తీసుకుని కొట్టేసే మనిషి. పోయాక ఆయన మాట కాదని నేను రాయడం ఏం బాగుంటుంది.

కుర్చీలో కూర్చునే ముందు దాన్ని రెండు చేతులతో కదిపి చూసేవారు, రోజూ కూర్చునే కుర్చీ అయినా సరే. హోటల్లో గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాకే టీ తాగేవారు. హోటలాయన మొదట్లో మొహం మాడ్చుకునేవాడు, తర్వాత్తర్వాత ఆయన కోసం గ్లాసు రెండుసార్లు కడగడం మొదలుపెట్టాడు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి, లైను మీద వేలు పెట్టుకుని పాడేవారు. చిన్నప్పటి నుంచీ పాడుతున్న పాటలే అవి. కంఠతా రావా సార్ అని ఒకసారి అడిగాను.

"వస్తాయి. అందుకే చూసి పాడతా," అన్నారు. "రానోడు చూసుకుంటాడు, తప్పు పోడు. వచ్చినోడే తప్పు పాడేది."

అప్పుడు అదొక ముసలాయన చాదస్తం అనుకున్నాను. నాకు ఇరవై నాలుగేళ్లు, కంప్యూటర్ డిప్లొమా ఉంది, లోకం మొత్తం నా వేళ్ల కింద ఉందని గట్టి నమ్మకం.

రెండువేల అయిదు ప్రాంతంలో ఆళ్లగడ్డలో ఒక చిన్న పరీక్షా కేంద్రం ఉండేది. హెచ్ఐవి పరీక్ష ఉచితంగా చేసి, మాట్లాడి, ధైర్యం చెప్పి పంపేవాళ్లు. నేను అందులో ఆపరేటర్ని. దాని పెద్ద ఆఫీసు నంద్యాలలో ఉండేది. అక్కడి కంప్యూటర్లు, మావి కూడా, సార్ చూసుకునేవారు. మా దగ్గర ఇంటర్నెట్‌కు నిలకడ లేదు. అందుకని ఆ రోజు పరీక్ష చేయించుకున్నవాళ్ల పేర్లూ ఫలితాలూ ఒక ఫ్లాపీలో ఎక్కించి, కవర్లో పెట్టి, పిన్ను కొట్టి, మధ్యాహ్నం బస్సు కండక్టర్ చేతికి ఇచ్చేవాణ్ణి. నంద్యాల బస్టాండులో సార్ స్వయంగా వచ్చి తీసుకునేవారు.

ఆ రోజుల్లో ఆ జబ్బు పక్కన పేరు కనబడిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. పనిలోంచి తీసేస్తారు, బోరింగు దగ్గర బిందె పెట్టనివ్వరు, పిల్లల్ని బడిలో విడిగా కూర్చోబెడతారు. ఇవన్నీ నేను కళ్లారా చూశాను. అలాంటి పేర్లు రోజూ ఒక ప్లాస్టిక్ బిళ్లలో, ముక్కూ మొహం తెలియని జనం మధ్య, నలభై కిలోమీటర్లు బస్సులో పోయేవి. కాబట్టి ఫ్లాపీకి తాళం వేసేవాళ్లం. కంప్యూటర్ వేసే తాళం. దానికో ప్రోగ్రాం ఉంది. అసలు పని ఆ ప్రోగ్రాం చేయదు, పక్కనే ఉండే ఒక లైబ్రరీ ఫైలును పిలిచి చేయిస్తుంది. ఆ ఫైలు మంచిదైతే తాళం మంచిది.

"మంచిదని ఎట్ల తెలుస్తాది సార్? పేరు చూసేదేనా?" అని మొదటి రోజే అడిగాను.

సార్ నా వైపు జాలిగా చూశారు. "నంద్యాలలో పుట్టి పేరు చూస్తాండావా? పత్తి విత్తనాల ప్యాకెట్ మీద పేరు బాగానే ఉంటాది. నకిలీ విత్తనం ఏసి మునిగినోళ్లను అడుగు, లోపల ఏముండాదో చెప్తారు."

తర్వాత ఒక చిన్న పని చేసి చూపించారు. ఒక ఫైలును ఇంకో ప్రోగ్రాంలోకి తోస్తే అది ఆ ఫైలు మొత్తం నమిలి, అంకెలూ అక్షరాలూ కలిపి ముప్పై రెండు బయటికి ఇస్తుంది. హ్యాష్ అంటారు. సార్ దాన్ని ముద్ర అనేవారు. ఒక ఉత్తరం టైపు చేసి దాని ముద్ర తీశారు. ఉత్తరంలో ఒకే ఒక్క చుక్క చెరిపి మళ్లీ తీశారు. మొదటి ముద్రకూ రెండోదానికీ ఎక్కడా పొంతన లేదు. "ఊర్లో ఒగే పేరోళ్లు పదిమంది ఉంటారు. వేలిముద్ర ఎవురిది వాళ్లదే," అన్నారు.

ఆయన దగ్గర ఒక పొడుగు నోటు పుస్తకం ఉండేది. తాళం వేసే లైబ్రరీ ఫైళ్లు ఎక్కడ కనబడినా వాటి ముద్ర తీసి అందులో పెన్సిల్‌తో ఎక్కించేవారు. పక్కన ఏ రకమో, ఎక్కడ చూశారో రాసేవారు. నెట్ సెంటర్లు, కాలేజీ ల్యాబులు, సీడీలు అమ్మే అంగళ్లు, ఏదీ వదల్లేదు. కొందరికి పాత నాణేల పిచ్చి ఉంటుంది. ఈయనకిది. ఎందుకు సార్ ఇవన్నీ అంటే, "మంచోడొక్కడే తెలిస్తే చాలదప్పా, కానోడు ఎవురో కూడా తెలియల్ల," అనేవారు.

రోజూ పొద్దున పది గంటలకు నేను ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేసి, మా మెషిన్లో ఉన్న ఫైలు ముద్ర తీసి చదివి వినిపించాలి. ఆయన పుస్తకంలో వేలు పెట్టుకుని సరిచూసుకుంటారు. అప్పుడే ఆ రోజు పని మొదలు. ఫోన్లో బి, డి, ఇ అన్నీ ఒకేలా వినబడతాయి కాబట్టి సార్ ఊళ్ల పేర్లు పెట్టారు. ఎ అంటే అవుకు, బి అంటే బనగానపల్లె, సి చాగలమర్రి, డి డోన్, ఇ ఎమ్మిగనూరు. ఎఫ్‌కు జిల్లా మొత్తం వెతికినా ఊరు దొరకలేదు. రెండు రోజులు ఆలోచించి, ఫారెస్టు అన్నారు. నల్లమల మనదే కదా అని సమర్థించుకున్నారు.

ఇక చూడండి, మా ఫోన్ సంభాషణ. "మూడు అవుకు, ఏడు ఏడు, బనగానపల్లె తొమ్మిది, ఫారెస్టు సున్నా..." అని నేను, "ఊ... ఊ..." అని ఆయన. పక్క గది నర్సమ్మ, మీ సార్‌కు ఆర్టీసీలో ఏమైనా ఉద్యోగమా అని అడిగేది.

ఏడాది గడిచేసరికి ఆ ముప్పై రెండూ నాకు నోటికి వచ్చేశాయి. స్నానం చేస్తుంటే వచ్చేవి, నడుస్తుంటే వచ్చేవి. ముద్ర తీయాలంటే మెషిన్ ఆన్ కావాలి, ప్రోగ్రాం తెరవాలి, అయిదారు నిమిషాలు కూర్చోవాలి. నోట్లో ఉన్నదానికి స్క్రీన్ ఎందుకు? మెషిన్ ఆన్ కాకముందే ఫోనెత్తి గడగడా ఒప్పజెప్పేసేవాణ్ణి. వందసార్లు సరిపోయింది, నూటొకటోసారి ఎందుకు సరిపోదు అన్నది నా లెక్క. నేనే పెద్ద తెలివిగలవాణ్ణని మురిసిపోయాను కూడా.

ఒక రోజు మా మెషిన్‌కు వైరస్ పట్టింది. దాన్ని తుడిచే ప్రోగ్రాం మా లైబ్రరీ ఫైలును కూడా తుడిచేసింది. సార్‌కు చెబితే, ఎవడిచ్చిన ఫ్లాపీ పెట్టావని మొదలుపెడతారు. నిజంగానే పెట్టకూడని ఫ్లాపీ ఒకటి పెట్టాను. ఆ సాయంత్రమే నంద్యాల పోయి, బస్టాండు ఎదురుగా సీడీలు అమ్మే అంగట్లో, పాత సీడీలో అదే పేరున్న ఫైలు చూసి ఎక్కించుకొచ్చాను. తాళం పడింది. నంద్యాలలో తెరుచుకుంది. ఎవరికీ ఏమీ తెలియలేదు. పొద్దున్నే పదింటికి ఎప్పటిలాగే పాత ముద్ర ఒప్పజెప్పాను.

అలా పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు పొద్దున నేను "మూడు అవుకు" అని మొదలుపెట్టగానే సార్ ఆపారు.

"ఈ పొద్దు ఎనకనుంచి చదువు."

"ఎనకనుంచా సార్?"

"ఊ. చివరి అక్షరం కాడ్నుంచి మొదటికి రా."

మనసులో తిప్పి చూసుకున్నాను. మూడు అక్షరాలు వచ్చాయి, నాలుగోది రాలేదు. మళ్లీ మొదటినుంచి లోపల చదువుకుంటూ చివరికి పోయాను, ఈసారి అయిదు. ఇక దారి లేక మెషిన్ ఆన్ చేసి ప్రోగ్రాం తెరిచాను. మన ముద్ర డోన్ ఏడుతో ముగియాలి. స్క్రీన్ మీద అవుకు ఒకటితో ముగిసింది.

"సార్, తేడా ఉంది."

"ఎంత తేడా?"

"మొత్తం సార్."

"చదువు. మొదటికాడ్నుంచి. చూసి చదువు."

చదివాను. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి అక్షరం అక్షరం చూసుకుంటూ చదివాను. అవతల నోటు పుస్తకం కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. రెండు నిమిషాలైనా కాలేదు.

"ఈ ఫైలు నాకు తెలుసు," అన్నారు సార్. "బస్టాండు ఎదురంగట్లో పాత సీడీలోది. తొంభై తొమ్మిదిలో చూసినా. నువ్వు ఆడికి ఎప్పుడు పోయినావు?"

నేను పోయిన అంగడి పేరు నా నోటి నుంచి రాకముందే ఆయన చెప్పారు. ముప్పై రెండు అక్షరాలు వింటే చాలు, ఏ అంగట్లో, ఏ సీడీలో, ఏ రకమో చెప్పగలిగిన మనిషి ఆ రోజు మా జిల్లాలో ఇంకొకరు ఉంటారని నేననుకోను. భయపడుతూనే ఆశ్చర్యపోయాను.

తర్వాత విషయం చెప్పారు. ఒకప్పుడు అమెరికా వాళ్లు గట్టి తాళం తమ దగ్గరుంచుకుని, బయటి దేశాలకు బలం తగ్గించిన తాళం పంపేవాళ్లట. ఫైలు పేరు అదే, పని చేసే తీరూ అదే. నంద్యాలలో ఉన్న ఫైలుకు రెండు రకాలూ తెరవడం వచ్చు కాబట్టి అక్కడా అనుమానం రాలేదు. అయితే ఆ బలహీన తాళాన్ని ఒక మామూలు కంప్యూటర్ పెట్టుకుని పట్టుబట్టి కూర్చున్నవాడు కొన్నాళ్లలో తెరవగలడు.

"కానీ పనిచేస్తాంది కదా సార్," అన్నాను, బుద్ధిలేక.

"పనిచేస్తాంది. అది పనిచేసినందుకే పదకొండు రోజులు మనకు తెలియలేదు."

మధ్యాహ్నానికల్లా ఆయన ఆళ్లగడ్డలో దిగారు. కుర్చీ కదిపి చూసి కూర్చున్నారు. జేబులోంచి సరైన ఫైలున్న ఫ్లాపీ తీసి ఎక్కించారు, ముద్ర తీశారు, సరిచూశారు. ఒక్క మాట తిట్టలేదు. ఎలా పట్టుకున్నారు సార్ అని నేనే అడిగాను.

"సండే స్కూల్లో పిలకాయలకు వాక్యం చెప్పమంటే పుస్తకం తలకిందులుగా పట్టుకుని గడగడా చెప్తారు. నువ్వూ అట్లనే చెప్తాండావని నాలుగు దినాలుగా నాకు అనుమానం. మెషిన్ ఆన్ అయ్యే చప్పుడు గూడా లేదు ఎనకల."

ఆ పదకొండు రోజుల్లో పంపిన ఫ్లాపీల్లో ఒకటి తప్ప అన్నీ ఆయన దగ్గరున్నాయి. ఆ ఒకటి నంద్యాలకు చేరనే లేదు. చేరని రోజున సార్ ఫోన్లో "పోతే పోనీలే, తాళం గట్టిదే, ఇంకోటి పంపు" అన్నారు. నేను ఇంకోటి పంపాను, ఇద్దరం మరిచిపోయాం. ఇప్పుడు ఆ పోయిన ఫ్లాపీలో ఏముందో నా కాగితాలు తీసి చూశాం. ఆ రోజు ఏడుగురు వచ్చారు. ఆరుగురికి లేదు, ఒకరికి ఉంది. ఆ ఒకరు విగ్రహాలు చెక్కే చోట రాళ్లు నున్నగా రుద్దే పని చేసే ఆమె. భర్త పోయాడు, కూతురు హాస్టల్లో చదువుతోంది. పనిచేసే చోట తెలిస్తే ఆ రోజే పంపించేస్తారని, హాస్టల్లో తెలిస్తే కూతుర్నీ పంపిస్తారని ఏడ్చి వెళ్లిందని నర్సమ్మ చెప్పింది.

ఆ రోజు కవరు తీసుకున్న కండక్టర్ సెలవు మీద వెలుగోడులో వాళ్లింటికి పోయాడని డిపోలో తెలిసింది. మరునాడు పొద్దున సార్, నేను వెలుగోడు బస్సెక్కాం. దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను మాత్రం ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ చూస్తూ, వీళ్లలో ఎవరికైనా కంప్యూటర్ ఉంటుందా అని లెక్కలేసుకున్నాను. కండక్టర్ మమ్మల్ని చూసి తెల్లబోయి లోపలికి పోయి సంచి తెచ్చాడు.

"మర్సిపోయినా సారూ. ఊరొచ్చినకాడ్నుంచి ఈ సంచి ముట్టుకోలే."

కవరు అడుగున ఉంది. సార్ దాన్ని వెలుతురుకు ఎత్తి నాలుగు వైపులా చూశారు. నేను కొట్టిన పిన్ను కొట్టినట్టే ఉంది, దాని మీద సన్నగా తుప్పు కూడా పట్టింది. ఎవరూ తెరవలేదు.

తిరుగు బస్సులో నా ప్రాణం తేలికపడి మాటలు వచ్చాయి. "ఇంగేం సార్, ఎవురికీ తెలియలేదు. ఇంతటితో అయిపోయినట్టే."

"ఆమెకు చెప్పల్ల," అన్నారు సార్.

"ఏమని సార్? ఏమీ కాలేదు కదా. చెప్తే భయపడతాది. మళ్లీ మన దగ్గరికే రాదు."

"రాకపోతే రాదు. ఆమె మనకిచ్చింది మనం బస్సులో పారేసుకున్యాం. దొరికింది మన అదృష్టం. ఆ మాట ఆమెకు తెలియకుండా మనమిద్దరం దాచుకుంటే అది ఇంగో తప్పు."

"సరే సార్, ఇంటికి పోయి చెప్దామా?"

"ఇంటికి మనమిద్దరం పోతే ఊరంతా చాటింపే. ఆమె గురువారం నర్సమ్మ దగ్గరికి రావల్ల గదా, ఆ పొద్దు చెప్తాం. చెప్పేది నువ్వు. తప్పు నీది."

ఆ నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఆమె ఎదురుగా నోరు తెరవాలన్న భయం ఎక్కువైంది.

గురువారం ఆమె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతులకు రాతి పొడి అంటుకుని గోళ్ల చుట్టూ తెల్లగా ఉంది. సార్ కుర్చీ చూపించారు, కూర్చోలేదు. నేను చెప్పాను. తాళం సంగతి, పాత సీడీ సంగతి, ముద్ర చూడకుండా ఒప్పజెప్పిన సంగతి, కవరు పోయిన సంగతి, దొరికిన సంగతి. మధ్యలో రెండుసార్లు ఆగి సార్ వైపు చూశాను. సార్ సాయం రాలేదు.

ఆమె అంతా నిలబడే వింది. తర్వాత నన్ను వదిలేసి సార్‌ను అడిగింది.

"ఇప్పుడు తాళం మంచిదేనా?"

"మంచిదేనమ్మా."

"మీరు మంచిదంటారు. ఈయప్ప గూడా రోజూ మంచిదనే చెప్పినాడంట గదా. నాకెట్ల తెలుస్తాది?"

సార్ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచారు. ఆమెను స్క్రీన్ ముందుకు పిలిచారు, అక్షరాలు పెద్దవి చేసి ముద్ర తీశారు. తన నోటు పుస్తకం తెరిచి స్క్రీన్ పక్కన నిలబెట్టి పట్టుకున్నారు.

"ఇది నంద్యాలలో ఉండే మంచి ఫైలు ముద్ర. ఇది ఈడుండేది. రెండూ ఒగటైతే తాళం మంచిది. నా మాట నమ్మొద్దు. నువ్వే చూడు."

"నాకు ఇంగ్లీషు రాదు సారూ. తెలుగే అంతంత మాత్రం."

"చదవద్దు. ఆకారం చూడు. దీని మాదిరే అదుండాదా లేదా, అంతే."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కుడిచేతి వేలు పుస్తకం మీద, ఎడమచేతి వేలు స్క్రీన్ మీద పెట్టింది. రెండు వేళ్లనూ కలిపి జరుపుతూ పోయింది. రోజంతా రాయి మీద గరుకు ఎక్కడ మిగిలిందో వేలితో వెతికే మనిషి. తొందరపడలేదు. పదో అక్షరం దాటింది, పదిహేనోది దాటింది. తర్వాత ఆగింది.

"ఇది వేరే," అంది.

సార్ కళ్లజోడు సవరించుకుని వంగారు. స్క్రీన్ మీద బి ఉంది. పుస్తకంలో ఆయన పెన్సిల్ బి మెడ పొట్టిగా పడి అచ్చం ఆరు అంకెలా ఉంది. ఏడాదిపాటు నేను బనగానపల్లె అంటూంటే ఆయన ఊ అంటూనే ఉన్నారు. నేను చూడలేదు, ఆయనకూ కనబడలేదు.

"నా చేతిరాతమ్మా. తప్పు నాదే," అన్నారు సార్. రబ్బరు తీసి ఆ అక్షరం చెరిపి, స్క్రీన్ చూసుకుంటూ మెడ పొడుగ్గా మళ్లీ రాశారు. "ఇప్పుడు చూడు."

ఆమె ఆ అక్షరం మీద వేలు పెట్టి చూసింది. తర్వాత అక్కడ్నుంచి కాదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ముప్పై రెండూ పూర్తయ్యేదాకా మేమిద్దరం ఆమె వేళ్లనే చూస్తూ నిలబడ్డాం.

"ఒగటే," అంది.

కుర్చీలో వెనక్కి వాలింది. చీర కొంగు ముడి విప్పింది. లోపల నాలుగు మడతలు పెట్టిన రేషన్ కార్డు ఉంది. దాన్ని బల్ల మీద పరిచి నా వైపు జరిపింది.

"ఆ పొద్దు నేను చెప్పిన పేరు నాది గాదు. మా అత్తగారి ఊర్లో ఎవురిదో చెప్పినా," అంది. "పెద్దాసుపత్రిలో మందులు ఇయ్యాలంటే కార్డులో పేరే కావాలని నర్సమ్మ చెప్పింది. నాకు మందులు వద్దులే అనుకున్యా. ఇప్పుడు ఈ పేరు రాసుకోండి."